కత్రినా వ్యాసం రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

కత్రినా తుపాను మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. ఆ రెండు ఫొటోల సంగతి ఎత్తుకోవడం బాగుంది. 2005 ఆగస్టు చివర్లో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ చాలావరకు మునిగిపోయి ఉంది. ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్) వార్తాసంస్థ ఫొటోలో సరుకులతో నీళ్లలో వస్తున్న నల్లజాతి కుర్రాడు, ఫొటో కింద రాసిన ప్రకారం, దుకాణం ‘లూటీ చేసి’ వస్తున్నాడు. ఏఎఫ్‌పీ అనే మరో వార్తాసంస్థ ఫొటోలో అలాగే వస్తున్న ఇద్దరు తెల్లవాళ్లకు మాత్రం బ్రెడ్డూ కూల్‌డ్రింకూ ‘దొరికాయి’.

అయితే ఫొటోగ్రాఫర్లు జాత్యహంకారులని ఒక్క ముక్కలో తేల్చేశావు. అది తీసెయ్. కుర్రాడు దుకాణంలోకి వెళ్లి రావడం తమ ఫొటోగ్రాఫర్ చూశాడని ఏపీ చెప్పింది. సరుకులు నీళ్లలో తేలుతూ బయటికొచ్చాయని రెండో ఫొటో తీసినతను చెప్పాడు. ఆ మాటలు కూడా రాయి. వాటిని దాచి వాదిస్తే నీ వాదన నిలబడదు.

ఇంతకంటే పెద్ద సంగతి నీ వ్యాసంలో లేనే లేదు. ఆ ఊరి సూపర్‌డోమ్ స్టేడియంలో వేలమంది తలదాచుకున్నారు. ఎక్కువమంది నల్లజాతి పేదలే. లోపల హత్యలు, పసిపిల్లల మీద అత్యాచారాలు జరుగుతున్నాయని రోజుల తరబడి వార్తలొచ్చాయి. మేయరూ, పోలీస్ చీఫూ టీవీలో అదే చెప్పారు. చివరికి శవాలు తీసుకెళ్లేవాళ్లు అక్కడ 200 శవాలు ఉంటాయనుకుని ఫ్రీజర్ ట్రక్కు తెచ్చుకుని వచ్చారు. దొరికినవి 6. నలుగురివి సహజ మరణాలు, ఒకరు మత్తుమందు ఎక్కువై పోయారు, ఒకరు పైనుంచి దూకి చనిపోయారు. హత్య ఒక్కటీ లేదు. ఈ నిజాన్ని ఆ ఊరి పత్రిక టైమ్స్-పికయూన్ సెప్టెంబర్ 26న బయటపెట్టింది.

‘నువ్వు చూశావా, ఎవరైనా చెప్పారా?’ అని అడగాలని రిపోర్టర్లందరికీ తెలుసు. అయినా చాలామంది అడగలేదు. లోపలున్నది నల్లవాళ్లు, పేదవాళ్లు కాబట్టి ఏం చెప్పినా నమ్మబుద్ధి అయింది. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

ఆ వార్తల నడుమే మేయర్ పోలీసుల్ని సహాయ పనుల నుంచి తప్పించి లూటీలు ఆపడానికి పంపాడు. నది అవతలి గ్రెట్నా ఊరి వైపు వంతెన మీదుగా నడిచి బయటపడదామనుకున్న జనాన్ని పోలీసులు వెనక్కి తోలారు. సెప్టెంబర్ 4న డాంజిగర్ వంతెన మీద నిరాయుధులపై పోలీసులు కాల్పులు జరిపి ఇద్దరి ప్రాణం తీశారు. ఒకడికి 17 ఏళ్లే.

వ్యాసాన్ని ఆ ట్రక్కు దగ్గర మొదలుపెట్టు. ఫొటోలు తర్వాత రావాలి. ఆదివారంలోపు పంపితే మళ్లీ చూస్తాను.

నీ అన్నయ్య