ఇంటి చదువు తర్వాత మళ్లీ బడికి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

జూన్ 12న బడులు తెరిచే సమయం దగ్గరపడుతున్నందున, కొంతకాలం ఇంటి దగ్గరే చదువుకుని ఇప్పుడు తరగతి గదికి వెళ్లవలసిన పిల్లల గురించి వచ్చిన ఉత్తరాలనే ఈ సంచికకు ఎంచుకున్నాం.

ప్రశ్న: మా అమ్మాయికి పదకొండేళ్లు. నెఫ్రోటిక్ సిండ్రోమ్ అనే కిడ్నీ జబ్బు ఉందని తేలడంతో పోయిన ఏడాది ఎక్కువ భాగం ఇంట్లోనే ఉండి, ట్యూషన్ టీచర్ సాయంతో ఆరో తరగతి పాఠాలు చదివింది. ఇప్పుడు మూత్రంలో ప్రొటీన్ పోవడం లేదని, మాత్రల మోతాదు తగ్గిస్తున్నామని, బడికి పంపవచ్చని డాక్టర్ గారు చెప్పారు. ఏప్రిల్‌లో వారం రోజులు పంపి చూస్తే, రోజూ పొద్దున్నే కడుపునొప్పి అని ఏడ్చింది. ఆదివారం మాత్రం ఏ నొప్పీ లేదు. ఇదంతా నటన అని మా అత్తగారు అంటున్నారు. లెక్కల్లో వెనకబడింది కాబట్టి దసరా దాకా ఇంట్లోనే చెప్పించి, అందరితో సమానమయ్యాక పంపుదామని మా వారు అంటున్నారు. మీరేమంటారు?
— ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ముందుగా మీ అత్తగారి మాటకు జవాబు చెప్పాలి. అది నటన కాదు. భయం వల్ల పిల్లలకు నిజంగానే కడుపు నొప్పి వస్తుంది, వాంతి వచ్చినట్టు ఉంటుంది, తల తిరుగుతుంది. బడి లేని రోజున భయం ఉండదు కాబట్టి నొప్పీ ఉండదు. అయితే మీ అమ్మాయి విషయంలో ఒక జాగ్రత్త తప్పనిసరి. నెఫ్రోటిక్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకు కడుపునొప్పితో పాటు జ్వరం వచ్చినా, ఉదయం లేచేసరికి కళ్ల కింద వాపు కనిపించినా, అది భయం వల్లేనని మనమే తేల్చేసుకోకూడదు, ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. బడి తెరవక ముందే ఈ పొద్దుటి నొప్పి గురించి డాక్టర్ గారికి ఒకసారి చెప్పి, శరీరంలో వేరే కారణం లేదని రూఢి చేసుకుంటే, ఆ తర్వాత మీరు తడబడకుండా నిలబడగలుగుతారు.

ఇక మీ వారి ఆలోచన. బిడ్డ చిన్నబోకూడదన్న ప్రేమతోనే ఆయన దసరా అంటున్నారు గాని, ఆ వరుస తలకిందులుగా ఉంది. బడికి వెళ్లాక లెక్కలు సరిచేసుకోవచ్చు, ఇంట్లో ఉండగా బడి భయాన్ని సరిచేయలేము. నొప్పి వచ్చిందని ఇంట్లో ఉంచిన ప్రతి రోజూ పాపకు ఆ పూటకు హాయిగా ఉంటుంది. ఆ హాయి వల్లే మరుసటి రోజు గడప దాటడం ఇంకా కష్టమవుతుంది. పైగా జూన్‌లో అందరూ కొత్త తరగతిలోకి, కొత్త పుస్తకాలతో వస్తారు, ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలన్నది అప్పటికింకా తేలి ఉండదు. దసరా నాటికి జట్లు కట్టడం, ఒకరి డబ్బాలో ఇంకొకరు కూర పంచుకోవడం అన్నీ అయిపోతాయి. ఆలస్యంగా వచ్చిన పిల్ల అందరి కళ్లలో పడుతుంది. కాబట్టి తొలి రోజునే పంపించండి.

లెక్కల భయం అని పెద్దవాళ్లం అనుకునేది చాలాసార్లు వేరే భయం. మీ ఉత్తరంలో స్టెరాయిడ్ మాత్రల పేరు రాయలేదు గాని, ఈ జబ్బుకు సాధారణంగా ఇచ్చేది ప్రెడ్నిసోలోన్. దానివల్ల ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, బరువు పెరుగుతుంది, కొందరికి చెంపల మీద నూగు వస్తుంది. పదకొండేళ్ల ఆడపిల్లకు భిన్నాల లెక్క రాకపోవడం కన్నా, ‘ఇలా అయిపోయావేంటే’ అని స్నేహితురాలు అడగడమే పెద్ద గండం. దగ్గర కూర్చుని, తొందరపెట్టకుండా, ఎవరు ఏమంటారని భయపడుతోందో అడగండి. మోతాదు తగ్గేకొద్దీ వాపు కొన్ని నెలల్లో తీసిపోతుందని చెప్పండి. అలాగని ముఖం కోసం మాత్రలు తనంతట తానే మానేయకూడదని కూడా స్పష్టంగా చెప్పండి. ఈ వయసు పిల్లలు మాత్రను దిండు కింద దాచేయడం వింతేమీ కాదు, కాని స్టెరాయిడ్‌ను ఉన్నట్టుండి ఆపడం ప్రమాదకరం. తోటివారు అడిగినప్పుడు చెప్పడానికి చిన్న జవాబు ఒకటి ఇంట్లోనే సిద్ధం చేసి, నాలుగైదుసార్లు పైకి అనిపించండి: ‘నాకు కిడ్నీ జబ్బు వచ్చింది, మందు వల్ల ముఖం ఉబ్బింది, ఇప్పుడు తగ్గుతోంది, ఇది ఎవరికీ అంటుకోదు.’ అడిగిన పిల్లలకు అంతకన్నా ఎక్కువ అవసరం లేదు.

బడి తెరవడానికి రెండు మూడు రోజుల ముందు, తరగతి గదులు ఖాళీగా ఉన్నప్పుడు, పాపను వెంటబెట్టుకుని వెళ్లి క్లాస్ టీచర్‌ను కలవండి. తన గది, కూర్చునే బెంచీ, మంచినీళ్లు, మరుగుదొడ్డి ఎక్కడున్నాయో చూపించండి. డాక్టర్ గారి చేత ఒక చీటీ రాయించుకుని టీచర్‌కు ఇవ్వండి. ఏ మాత్ర ఏ వేళకు, ఆటల పీరియడ్‌లో ఏమి చేయవచ్చు, అడిగినప్పుడు మరుగుదొడ్డికి వెళ్లనివ్వడం, ఇవన్నీ అందులో ఉండాలి. తరగతిలో ఎవరికైనా ఆటలమ్మ పోసిందని తెలిస్తే వెంటనే మీకు కబురు చేయమని మాత్రం తప్పక అడగండి. స్టెరాయిడ్ వాడుతున్న పిల్లలకు అది తీవ్రంగా రావచ్చు కాబట్టి, అలా తెలిసిన రోజే డాక్టర్‌ను సంప్రదించాలి. జలుబు, జ్వరం లాంటివి కూడా ఈ జబ్బును తిరగబెట్టగలవు. డాక్టర్ చెప్పిన ప్రకారం ఇంట్లో ఉదయం మూత్రపరీక్ష చేసి పుస్తకంలో రాసుకునే అలవాటును బడి మొదలైందని వదిలేయకండి. డబ్బాలో ఆవకాయ, అప్పడాలు వద్దు. ఉప్పు విషయంలో డాక్టర్ చెప్పిందే బడిలోనూ వర్తిస్తుంది.

తొలి వారం మధ్యాహ్న భోజనం దాకా, రెండో వారం నుంచి రోజంతా ఉండేలా బడివారితో మాట్లాడుకోవచ్చు. అయితే వెళ్లేది మాత్రం పొద్దున అందరితో పాటు, ప్రార్థన వేళకే వెళ్లాలి. పాఠం మధ్యలో అడుగుపెట్టే పిల్లను నలభై జతల కళ్లు చూస్తాయి. బడిలో కడుపునొప్పి వస్తే స్టాఫ్ రూమ్‌లో పది నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ తరగతికి పంపమని టీచర్‌ను కోరండి. జ్వరం, వాపు, వాంతులు లేనప్పుడు ఇంటికి పంపనక్కరలేదు. ఎప్పుడైనా బడి మానితే, బడి వేళల్లో ఇంట్లో టీవీ, ఫోన్ ఉండకూడదు. ఇది శిక్షగా కాక, ఇంటి నియమంగా ఉండాలి. నానమ్మగారి సహకారం కావలసింది ఇక్కడే.

ఇన్నాళ్లూ ఎనిమిదింటికి లేస్తూ ఉంటే, ఇప్పటి నుంచే రెండు మూడు రోజులకొకసారి పావుగంట ముందుకు జరపండి. అమ్మ కలిపి పెడితే తినే అలవాటు పడి ఉంటే, గంట కొట్టేలోపు తన డబ్బా తానే తినడం ఇంట్లో చేయించండి.

లెక్కల గురించి చివర చెప్పడానికి కారణం, అది నిజంగా చివరి విషయం కావడమే. ఏడో తరగతికి ఆరో తరగతి నుంచి ముఖ్యంగా కావలసినవి పూర్ణసంఖ్యలు, భిన్నాలు, దశాంశాలు. ట్యూషన్ టీచర్ ఇప్పుడు ఆ మూడింటినే పట్టుకుంటే చాలు. బడి నుంచి అలసి వచ్చిన పిల్లకు అరగంటకు మించి చెప్పవద్దు. మూడు నాలుగు వారాలైనా పొద్దుటి ఏడుపు తగ్గకపోతే పిల్లల మానసిక వైద్యులను కలవండి. ఈలోగా సలహా కావాలంటే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ప్రశ్న: మా అబ్బాయికి తొమ్మిదేళ్లు నిండాయి. ఇప్పటిదాకా ఇంట్లో మేమే చదువు చెప్పాం. ఇప్పుడు వాడే స్నేహితులు కావాలి, బడికి వెళ్తానంటున్నాడు. ఒక ప్రైవేటు పాఠశాల ప్రవేశ పరీక్ష రాయాలంది. మరొకటి టీసీ లేదు కాబట్టి రెండో తరగతిలో వేస్తామంది. ఇది న్యాయమేనా?
— ఒక తండ్రి, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: న్యాయం కాదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం, ఆరేళ్లు దాటినా బడిలో చేరని పిల్లలను వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి, తోటివారితో సమానం కావడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. మీవాడి వయసుకు అది నాలుగో తరగతి. ఎన్నడూ బడిలో చేరని పిల్లవాడికి టీసీ అనే మాటే రాదు, జనన ధ్రువపత్రం చూపితే సరిపోతుంది. వయసు రుజువు లేదన్న కారణంతోనూ ప్రవేశం నిరాకరించకూడదని 14వ సెక్షన్ చెబుతోంది. పరీక్ష పెట్టి ఏరుకోవడాన్ని 13వ సెక్షన్ నిషేధించింది, మొదటిసారికి 25,000 రూపాయల దాకా, ఆ తర్వాత ప్రతిసారికి 50,000 రూపాయల దాకా జరిమానా ఉంది. మండల విద్యాధికారికి, ఆపైన జిల్లా విద్యాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. చేర్చుకున్న తర్వాత, పాఠం ఎక్కడ నుంచి మొదలుపెట్టాలో తెలుసుకోవడానికి టీచర్ నాలుగు ప్రశ్నలు అడగడం మాత్రం వేరు. దానికి అభ్యంతరం చెప్పకండి.

చట్టం మీ పక్షాన ఉన్నా, గొడవపడి చేర్పించిన బడిలో పిల్లవాడు రోజూ ఆరేడు గంటలు గడపాలన్నది మరవకండి. నా సలహా అడిగితే, సర్టిఫికెట్ల కన్నా ముందు ‘ఇన్నాళ్లూ ఏం చదివాడు, ఏమంటే ఇష్టం’ అని అడిగే హెడ్‌మాస్టర్ ఉన్న బడిని వెతకమంటాను. అది మీ వీధి చివరి ప్రభుత్వ పాఠశాలే కావచ్చు.

ఇంట్లో చదివిన పిల్లలకు పాఠాల కన్నా బడి పద్ధతులే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. ఇష్టమైన పని మధ్యలో గంట కొడితే పుస్తకం మూయాలి. జవాబు తెలిసినా చెయ్యి ఎత్తి తన వంతు కోసం ఆగాలి. బోర్డు మీద ఉన్నది చెరిపేలోపు చూసి రాసుకోవాలి. ఈ చివరిదాన్ని తల్లిదండ్రులు తేలిగ్గా తీసుకుంటారు. కరోనా వల్ల 2020 మార్చిలో మూతపడిన బడులు తెలంగాణలో 2021 సెప్టెంబరు 1న అన్ని తరగతులకూ తెరుచుకున్నప్పుడు, టీశాట్, దూరదర్శన్ యాదగిరి టీవీ ఛానళ్లలో పాఠాలు విన్న పిల్లలు కూడా చిన్న తరగతుల్లో ఒక పేజీ రాసేసరికి చెయ్యి నొప్పి అన్నారు. గోడకు నల్లబల్ల పెట్టి, రోజూ పావుగంట చూచిరాత చేయించండి. మొదటి పరీక్షలో మార్కులు తక్కువ వస్తే, ‘ఇంట్లోనే నయం’ అన్న మాట మాత్రం వాడి చెవిన పడనివ్వకండి.

ప్రశ్న: తొమ్మిదో తరగతి మధ్యలో మానేసి ఏడాదిగా ఇంట్లో చదువుతున్న మా అబ్బాయి నేరుగా ఓపెన్ స్కూల్‌లో పది రాస్తానంటున్నాడు. దానికి విలువ ఉంటుందా?
— గుంటూరు

జవాబు: ఉంటుంది. పద్నాలుగేళ్లు నిండితే రాష్ట్ర ఓపెన్ స్కూల్ ద్వారా గాని, జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా గాని పది రాయవచ్చు, ఆ సర్టిఫికెట్‌తో ఇంటర్‌లో చేరవచ్చు. అయితే ఎందుకు మానేశాడో మీరు రాయలేదు. ఎవరైనా ఏడిపించడమో, కొట్టడమో కారణమైతే, ఓపెన్ స్కూల్ వల్ల పరీక్ష గట్టెక్కుతుంది గాని, రెండేళ్ల తర్వాత కాలేజీ గుమ్మం దగ్గర అదే భయం ఎదురవుతుంది. దరఖాస్తు నింపే ముందు ఆ సంగతి కనుక్కోండి.

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఆరో తరగతి ఉపాధ్యాయురాలిని. సెరిబ్రల్ పాల్సీ ఉండి ఇంతకాలం ఇంటి వద్దే విద్య పొందిన ఒక బాబు ఈ ఏడాది మా తరగతికి రాబోతున్నాడు. చక్రాల కుర్చీలో వస్తాడు, మాట కొంచెం ముద్దగా ఉంటుంది. మిగతా పిల్లలకు ముందే ఏం చెప్పాలి?
— శ్రీకాకుళం జిల్లా

జవాబు: తక్కువ చెప్పండి. ‘పాపం’ అనే మాట లేకుండా చెప్పండి. ఫలానా బాబు మన తరగతిలో చేరుతున్నాడు, కాళ్లు సహకరించవు కాబట్టి కుర్చీలో వస్తాడు, మాట అర్థం కాకపోతే మళ్లీ చెప్పమని అడగండి, అంతే. మొదటి రోజు లేపి పరిచయం చేయించడం, చప్పట్లు కొట్టించడం వద్దు. అతన్ని చూసుకునే పనిని ఒక్క పిల్లవాడికే అప్పగించకండి, కొన్నాళ్లకు అది స్నేహం కాక డ్యూటీ అయిపోతుంది. వారానికి ఇద్దరు చొప్పున మారుస్తూ ఉండండి.

మీరు ముందుగా కలవవలసింది ఇంటికి వెళ్లి అతనికి చదువు చెప్పిన, మీ మండల భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే కేంద్రం) ఐఈఆర్‌పీని, అంటే అలాంటి పిల్లలకు చదువు చెప్పే రిసోర్స్ పర్సన్‌ను. బాబు ఎంతసేపు కూర్చోగలడు, ఏ చేత్తో రాస్తాడు, అలసట ఎలా తెలుస్తుంది అన్నవి రికార్డుల కన్నా ఆ వ్యక్తికే బాగా తెలుసు. తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలు ఇంటి వద్ద విద్యను ఎంచుకునే హక్కును విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ ఇచ్చింది. ఆ ఎంపికను వదిలి బడికి రావాలని ఈ కుటుంబం నిర్ణయించుకుందంటే, అది చాలా ఆలోచించి తీసుకున్న నిర్ణయమై ఉంటుంది. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యాపథకం కింద రవాణా భత్యం, బడికి తోడుగా వచ్చేవారికి ఎస్కార్ట్ భత్యం ఉన్నాయి. బాబు వివరాలు నమోదయ్యాయో లేదో హెడ్‌మాస్టర్ గారి చేత చూపించండి.

మీ గది మేడ మీద ఉంటే తరగతినే కిందికి మార్పించండి, పిల్లవాణ్ణి రోజూ ఎత్తుకుని మెట్లెక్కించే ఏర్పాటు నెల రోజులు కూడా సాగదు. ర్యాంపు ఉందంటే సరిపోదు, కుర్చీ మరుగుదొడ్డి తలుపులోంచి పడుతుందా అన్నది టేపుతో కొలిచి చూడండి. ఇలాంటి పిల్లలు మరుగుదొడ్డికి వెళ్లవలసి వస్తుందని పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా కూర్చుంటారు, మధ్యాహ్నానికి తలనొప్పితో వాలిపోతారు. మధ్యాహ్న భోజనానికి పళ్లెం పట్టుకుని వరుసలో నిలబడే పద్ధతి మీ బడిలో ఉంటే, అతని పళ్లెం ఎవరు తెస్తారు, ఎవరెవరు పక్కన కూర్చుంటారు అన్నది తొలి రోజుకు ముందే తేల్చుకోండి.