అమ్మమ్మ డబ్బాలో పాత నాణేలు దొరికాయి, లక్షలు వస్తాయా?

అమ్మమ్మ సామాన్లు సర్దుతుంటే పాత నాణేలు దొరికాయి, వీడియోల్లో లక్షలు పలుకుతాయంటున్నారు, చెన్నైలో ఎవరికి చూపించాలి, ముందు శుభ్రం చేయాలా అని అడిగారు. చివరి ప్రశ్నకు ముందు చెప్తాను. చేయకండి. తడిగుడ్డతో కూడా తుడవకండి. నేను చేసిన పని మీరు చేయకూడదనే ఇదంతా రాస్తున్నాను.

మాది నెల్లూరు వైపు, మూడు తరాలుగా మద్రాసులోనే ఉంటున్నాం. ఆరేళ్ల కిందట మా నాయనమ్మ బీరువా అడుగున ఒక మరచెంబు దొరికింది. కదిపితే గలగలమంది. మర బిగుసుకుపోయి ఉంటే కొబ్బరినూనె వేసి తిప్పాం. లోపల పాతిక దాకా చిల్లు కాణీలు, నాలుగు ఐదో జార్జి వెండి రూపాయలు, వెనక పులి బొమ్మ ఉన్న 1947 నాటి నికెల్ రూపాయి ఒకటి, ఏమిటో అర్థంకాని మందపాటి రాగి బిళ్లలు రెండు ఉన్నాయి. రాగివి నల్లగా, అట్టకట్టి ఉన్నాయి. నాకు ఉత్సాహం ఆగలేదు. చింతపండు, ఉప్పు వేసి దేవుడి చెంబులు తోమినట్టు తోమేశాను. తళతళలాడాయి. ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు కూడా.

వాటిని పట్టుకుని షావుకారుపేటలో ఒక నాణేల వ్యాపారి దగ్గరికి వెళ్లాను. అక్కడే పుట్టి పెరిగిన మనిషి, తెలుగు మనలాగే మాట్లాడతాడు. భూతద్దం ఇంకా కంటి దాకా వెళ్లనేలేదు, "ఏం సార్, చింతపండా?" అన్నాడు. నాణెం మీద ఏళ్ల తరబడి పేరుకున్న ఆ నలుపే దాని వయసుకు సాక్ష్యమట. తోమితే ఆ పొర పోతుంది, అక్షరాల అంచులు అరుగుతాయి, సేకరించేవాళ్లు దాన్ని పక్కన పెట్టేస్తారు.

ఆ రాగి బిళ్లల మీద ఇంగ్లీషులో ఎక్స్ ఎక్స్ క్యాష్ అని, 1808 అని ఉంది. అంటే ఇరవై కాసులు. అప్పటి మద్రాసు లెక్క వేరు. 80 కాసులు ఒక రూక, 42 రూకలు ఒక వరహా. తమిళంలో పణం, ఇంగ్లీషువాళ్ల నోట్లో ఫనం అయినదే మన రూక. రూకలంటే ఊరికే డబ్బులని నేను అనుకునేవాణ్ణి, అది ఒక నాణెం పేరని ఆ రోజే తెలిసింది. నా బిళ్లలు నాలుగుంటే ఒక రూక అయ్యేది, ఉన్నవి రెండే. 1818లో ఈస్టిండియా కంపెనీవాళ్లు ఇక్కడ కూడా రూపాయిని ప్రమాణం చేసి, వరహాకు మూడున్నర రూపాయలని కట్టారు. అక్కడితో ఆ లెక్క ముగిసింది.

రెండు వందల ఏళ్ల నాటిది కదా, ఎంతిస్తారని అడిగితే నవ్వాడు. ఈ కాసులు మద్రాసులో కొట్టినవి కావు, ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ దగ్గర సోహో టంకశాలలో ఆవిరి యంత్రాల మీద కొట్టి ఓడల్లో పంపినవి. వాటిలో అడ్మిరల్ గార్డ్నర్ అనే ఓడ 1809 జనవరిలో బయల్దేరీ బయల్దేరగానే ఇంగ్లండు తీరంలోని గుడ్విన్ ఇసుక దిబ్బల దగ్గర మునిగిపోయింది. 1980లలో గజ ఈతగాళ్లు దాన్ని వెతికి పట్టుకుంటే లక్షల కాసులు బయటికొచ్చాయి. మద్రాసు చేరాల్సిన ఆ చిల్లర ప్రపంచంలోని సేకరణదారుల చేతిలో పడింది. అన్ని ఉన్నాక ధర ఎక్కడిది? పాతదైతే చాలదు, అరుదైనది కావాలి, ఆపైన బాగుండాలి.

వెండి రూపాయలకు మాత్రం వెండి ధర ఎప్పుడూ వస్తుంది. పాత రూపాయి తులం బరువు, 11.66 గ్రాములు. అందులో పన్నెండింట పదకొండు వంతులు వెండి. యుద్ధకాలంలో, 1940 నుంచి, సగమే వెండి. 1947లో అదీ పోయి నికెల్ వచ్చింది. అందుకే ముందు సంవత్సరం చూడండి. 1911 అని కనిపిస్తే మాత్రం ఆగండి. ఆ ఏడాది రూపాయి మీద రాజుగారి అంగీపై చెక్కిన ఏనుగు అచ్చం పందిలా ఉందని జనం గోల చేశారు. కొట్టిన 94 లక్షల్లో 7 లక్షల దాకా బయటికి వెళ్లిపోయాయి, మిగతావి కరిగించి 1912లో బొమ్మ మార్చారు. దాన్ని ఇప్పటికీ పంది రూపాయి అనే అంటారు. నావి నాలుగూ 1918వి, ఏనుగు బాగానే ఉంది.

చిల్లు కాణీలు 1943 నుంచి 1947 దాకా వచ్చాయి. రాగి మిగల్చడానికి నడుమ చిల్లు పెట్టారు. పిల్లలకు ఇచ్చేయండి, మొలతాడుకు కట్టుకుంటారు.

లక్షల మాట ఎక్కడ నుంచి వచ్చిందంటే, మా బావ ఫోటోలు పెడితే ఒకడు ఫోన్ చేసి మూడు లక్షలకు కొంటానని, ముందు రిజర్వ్ బ్యాంకు రిజిస్ట్రేషన్‌కు 2,500 కట్టమన్నాడు. కట్టాడు, ఫోన్ స్విచాఫ్. పావలా కోడికి ముప్పావలా మసాలా అంటే ఇదే. పాత నోట్లు, నాణేల అమ్మకాలతో తమకు సంబంధం లేదని, వాటికి రుసుములు, కమీషన్లు వసూలు చేయబోమని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటన కూడా ఇచ్చింది.

ఇంకో మాట. వందేళ్లు దాటిన నాణేన్ని దేశం దాటించకూడదు, 1972 నాటి పురావస్తువుల చట్టం ఒప్పుకోదు. అమెరికాలో ఉన్న తమ్ముడికి కొరియర్ చేద్దామనే ఆలోచన ఉంటే మానుకోండి. ఇంట్లో డబ్బాలో దొరికినవి మీవే. పెరట్లో తవ్వితే దొరికినవైతే కలెక్టరుకు చెప్పాలి.

అమ్మే ముందు ఒకసారి ఎగ్మూరు మ్యూజియంలో నాణేల విభాగం చూసి రండి, మీ దగ్గరున్నవి ఏమిటో కొంత అంచనా వస్తుంది. తరవాత ఇద్దరు ముగ్గురికి చూపించండి, ఒక్కడి మాటే నమ్మొద్దు. నేనైతే చివరికి ఏమీ అమ్మలేదు. పైగా ఆ షావుకారుపేట వ్యాపారి దగ్గరే ఒక వెండి డబుల్ ఫనం కొన్నాను. కంపెనీ కాలం నాటిది, ఒక వైపు ఇంగ్లీషు, పర్షియన్, రెండో వైపు తమిళం, తెలుగు. ఇంటికి తెచ్చి చూపిస్తే బడిలో తమిళమే చదువుకుంటున్న మా పాప ఆ వరస చదివింది, 'రెండు రూకలు' అని ఉన్నది నేను చదివాను. పర్షియన్ ఇద్దరికీ రాలేదు.