ప్రశ్నలకు నోరు విప్పని పేషెంట్లతో బొమ్మలు వేయించు

తమ్ముడూ, హన్మకొండలో నీ పరిశోధన కోసం డిప్రెషన్ పేషెంట్లతో ఫారాలు నింపిస్తుంటే "బాగానే ఉన్న సార్" అని తప్ప ఎవరూ నోరు విప్పట్లేదని రాశావు. ముందు ఆ ఫారం పక్కన పెట్టు. మన చేర్యాల నకాషీ పటంలో కథ గడులు గడులుగా నడుస్తుంది కదా, అట్లాగే పొడవాటి చార్టు ఇచ్చి వాళ్ల ఒక్క రోజును గీయమను. మేం చేయించినప్పుడు ఒకామె పొయ్యి గీసింది, మంట గీయలేదు. అడిగితే, "పొద్దున అగ్గిపుల్ల గీయనీకి చేతులాడవు" అంది. మా ఫారంలో ఆ ప్రశ్నే లేదు! ఆ ప్రశ్నను ఆమె మాటతోనే చేర్చాం. అందుకే ప్రశ్నలు రాసే రోజు నుంచే ఇద్దరు పేషెంట్లను పక్కన కూర్చోబెట్టుకో. బొమ్మకు అర్థం నువ్వు చెప్పకు, గీసినవాళ్లనే చెప్పనివ్వు. బొమ్మలు రావనేవాళ్లతో ఫొటోలు తీయించి వాటి గురించి మాట్లాడించు. ఫొటోవాయిస్ అనే ఈ పద్ధతి 1990ల నుంచీ ఉంది.

పరిశోధనలో పాల్గొనేవాళ్లకు హాని జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా మొదలుపెట్టకు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం పరిశోధనకు వాళ్ల సమ్మతి తప్పనిసరి. బొమ్మను బయట చూపించాలంటే మళ్లీ విడిగా అడుగు. వచ్చినవాళ్లకు బస్సు చార్జీలు, ఆ రోజు కూలి కూడా బడ్జెట్‌లో రాసుకో.