8 బహుమతుల్లో 4 ఆఫీసు వాళ్ళకే వచ్చాయి. లక్కీ డిప్‌లో మోసం జరిగినట్టేనా?

మీ ప్రశ్నలో ఉన్న వివరాలు ఇవి: శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరంలో ఫ్యాక్టరీ. మొత్తం 240 మంది. ఆఫీసు స్టాఫ్ 30, మిగతా 210 మంది మూడు షిఫ్టుల్లో. ఆయుధ పూజ నాడు పొద్దున్న 11 గంటలకు డిప్ తీశారు. 8 బహుమతుల్లో 4 ఆఫీసుకే పోయాయి, టీవీతో సహా. పేరొచ్చినా మనిషి అక్కడ లేకపోతే ఆ చీటీ పక్కన పడేశారు. "ఏటో జరిగింది, లెక్కతో పట్టుకోగలమా?" అని అడిగారు.

పట్టుకోగలం. కాకపోతే మీరు అనుకుంటున్న దొంగ దొరక్కపోవచ్చు.

ముందు లెక్క చూద్దాం. 240లో 30 అంటే ఎనిమిదో వంతు, కాబట్టి 8 బహుమతుల్లో ఆఫీసు వాటా సగటున ఒకటి. ఒక్కటీ రాకపోయే అవకాశం ఎంత? మొదటి చీటీ ఆఫీసుది కాకపోవడం 210/240, రెండోది 209/239, అలా ఎనిమిదోది 203/233. ఎనిమిదింటినీ గుణిస్తే 0.338. సరిగ్గా ఒకటి రావడం 0.399, రెండు 0.199, మూడు 0.054. ఈ నాలుగూ కలిపితే 0.990. మిగిలింది 0.010. అంటే నాలుగు గానీ అంతకు మించి గానీ రావడం నూటికి ఒక్కసారి. ఎక్సెల్‌లో హైప్‌జియోమ్ డిస్ట్ (HYPGEOM.DIST) అనే ఫంక్షన్‌కి వరసగా 3, 8, 30, 240, ట్రూ ఇచ్చి, వచ్చినదాన్ని 1 నుంచి తీసేస్తే ఇదే వస్తుంది.

ఎనిమిదో వంతుని నాలుగుసార్లు గుణించి "4096కి ఒకటి, పక్కా మోసం" అని వాట్సాప్ గ్రూపులో పెట్టేవాళ్ళు ఉంటారు. అది ఫలానా నాలుగు చీటీలూ ఆఫీసువే అయ్యే లెక్క. ఎనిమిదిలో ఏ నాలుగైనా కావచ్చు, దానికి 70 రకాలున్నాయి. ఆ 70 మర్చిపోతే అమాయకుడు కూడా దొంగైపోతాడు.

నూటికి ఒకటి అన్నది కూడా అప్పుడే నమ్మకండి. డిప్‌కి ముందే మీకు ఆఫీసు మీద అనుమానం ఉందా, లేక ఫలితం చూశాక పుట్టిందా? మీ దగ్గర ముప్ఫయ్యేసి మందితో 8 డిపార్ట్‌మెంట్లు ఉన్నాయనుకోండి. ప్యాకింగ్‌కి నాలుగొచ్చినా గొడవే, మెయింటెనెన్స్‌కి వచ్చినా గొడవే. ఏదో ఒక డిపార్ట్‌మెంట్‌కి నాలుగు తగిలే అవకాశం దాదాపు నూటికి 8. "పోయినేడు వచ్చినోడికే మళ్ళీ వచ్చింది" అన్న ఫిర్యాదూ ఇలాంటిదే. ముందే పేరు చెప్పిన ఒక మనిషికి రెండేళ్ళూ తగలడం 900కి ఒకటి. కానీ పోయినేటి ఎనిమిది మందిలో ఎవరో ఒకరికి ఈసారి మళ్ళీ తగలడం నూటికి 24, అంటే నాలుగేళ్ళకోసారి మామూలుగా జరిగేదే.

ఇక అసలు సంగతి. "మనిషి ఉంటేనే బహుమతి" అన్న రూలు మీ ప్రశ్నలో ఓ మూల పడి ఉంది గానీ, నా అనుమానమంతా దాని మీదే. పదకొండింటికి ఎవరుంటారు? పొద్దుటి 'ఏ' షిఫ్టు వాళ్ళు 70 మంది, జనరల్ షిఫ్టులో ఆఫీసు 30 మంది. మధ్యాహ్నం బీ షిఫ్టు వాళ్ళు ఇంకా బస్సెక్కలేదు, రాత్రి సీ షిఫ్టు వాళ్ళు ఇంట్లో నిద్రలో ఉన్నారు. డబ్బాలో 240 చీటీలున్నా పనికొచ్చేవి 100. పై ఫంక్షన్‌లో 240 తీసి 100 పెట్టండి. ఆఫీసు వాటా సగటు 2.4 అవుతుంది. నాలుగు లేదా అంతకంటే ఎక్కువ వచ్చే అవకాశం 0.185, అయిదింట ఒకటికి దగ్గర. నూటికి ఒకటి కాస్తా ఇక్కడికొచ్చింది, ఎవరూ చెయ్యి పెట్టకుండానే. బీ, సీ షిఫ్టుల 140 మందికి మాత్రం అవకాశం సున్నా. నన్నడిగితే అన్యాయమంటే ఇదే. దసరా వెళ్ళిన మంగళవారం, పైడితల్లమ్మ జాతర సిరిమాను రోజున పెట్టినా ఇంతే, విజయనగరం వైపు వాళ్ళు సగం మంది సెలవులోనే ఉంటారు.

రెండో అనుమానం డబ్బా మీద. 1969 డిసెంబరు 1న అమెరికాలో సైన్యంలోకి ఎవరిని ముందు పిలవాలో లాటరీ తీశారు. 366 పుట్టినరోజులు, ఒక్కో తేదీ ఒక్కో ప్లాస్టిక్ గొట్టంలో. నెలల వరసలో పెట్టెలో వేసి, అంతంతమాత్రంగా కలిపి, గాజు జాడీలో పోసి తీశారు. జనవరి వాళ్ళ సగటు వరస నెంబరు 200 పైన, డిసెంబరు వాళ్ళది 120 చిల్లర. చివర వేసిన నెలలు ముందు బయటికొచ్చాయి. నేరం ఎవరిదీ కాదు, కలపకపోవడమే. మరుసటి ఏడు తేదీలకో డ్రమ్ము, నెంబర్లకో డ్రమ్ము పెట్టారు.

మీ బిస్కెట్ డబ్బాలో జరిగేదీ అదే. డిపార్ట్‌మెంట్ల వరసలో ప్రింట్ తీసి, కత్తిరించి, ఆ వరసలోనే వేస్తారు. నాలుగు మడతలు పెట్టిన చీటీలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, డబ్బా ఊపితే ముద్దగా కదులుతాయి తప్ప కలవవు. పైగా పసిగుంట చేత తీయిస్తే నిజాయితీ అనుకుంటారు. ఆ చెయ్యి అడుగుదాకా అందదు, పై పొరలోదే తీస్తుంది.

వచ్చే ఏడు చీటీలే వద్దనండి. అందరికీ 1 నుంచి 240 దాకా నెంబర్లిచ్చి ముందురోజే నోటీసు బోర్డు మీద పెట్టాలి. మూడు గిన్నెలు చాలు: మొదటిదాంట్లో 0, 1, 2 బిళ్ళలు, మిగతా రెండింట్లో 0 నుంచి 9 దాకా. ఒక్కోదాంట్లోంచి ఒకటి తీస్తే మూడంకెల నెంబరు. 000 గానీ, 240 దాటింది గానీ, ముందే వచ్చింది గానీ వస్తే మూడూ మళ్ళీ తియ్యాలి. ప్రతిసారీ బిళ్ళలు తిరిగి వెయ్యాలి. ఇక్కడ ఓ తెలివైనాయన "మొదట 2 వస్తే రెండో గిన్నెలో 0 నుంచి 4 దాకానే ఉంచుదాం, టైమ్ కలిసొస్తుంది" అంటాడు. ఒప్పుకోవద్దు. అలా చేస్తే 200 నుంచి పై నెంబర్ల వాళ్ళకి మిగతావాళ్ళ కంటే రెట్టింపు అవకాశం వస్తుంది. ఎక్సెల్‌లో ర్యాండ్ (ఏదో ఒక నెంబరు దానంతటదే ఇచ్చే ఫంక్షన్) పెట్టి తీస్తామన్నా ఒప్పుకోవద్దు. ఎఫ్9 నొక్కిన ప్రతిసారీ కొత్త నెంబరే, నచ్చినది వచ్చేదాకా నొక్కుకోవచ్చు.

ఈ ఏడాది డబ్బా ఇంకా చెత్తలోకి పోకపోతే, ఇద్దరు ముగ్గురి ముందు విప్పించండి. డబ్బాలోవీ పక్కన పడేసినవీ కలిపి 232 చీటీలుండాలి, ఒక్కో పేరు ఒక్కసారే. ఒకే పేరు రెండుసార్లు కనిపిస్తే పై లెక్కలేవీ అక్కర్లేదు.