మీరడిగారు: మిలటరీ లారీ మీద వెల్డింగ్ యూనిట్

ప్రశ్న: వేలంలో ఒక మిలటరీ స్టాలియన్ 4×4 లారీ చూశాం. వెల్డింగ్ సామానంతా దాని మీదే బిగించి సైట్లకు తిప్పాలని ఉంది. లారీ ఇంజనుతోనే కరెంటు తీయొచ్చా? సామాను నిలిపే స్టాండును ఛాసీకి (లారీ అడుగు ఫ్రేముకు) వెల్డ్ చేసేద్దామంటున్నాడు మా మేస్త్రి.
– ఒక ఫ్యాబ్రికేషన్ షాపు యజమాని, అంబత్తూరు, చెన్నై

జవాబు: మేస్త్రి సంగతి తర్వాత, ముందు కాగితాలు. సైన్యం వాడిన బండిని రిజిస్టర్ చేయాలంటే ఫారం 20 (రిజిస్ట్రేషన్ దరఖాస్తు)తో పాటు, అమ్మిన సైనికాధికారులిచ్చిన అసలు ఫారం 21 (అమ్మకపు సర్టిఫికెట్) ఉండాలి. అది ఇస్తారో లేదో వేలం షరతుల్లోనే చూసుకోండి. ఇవ్వకపోతే మీరు కొన్నది లారీ కాదు, పాత ఇనుము. ఆలివ్ గ్రీన్ రంగు రక్షణ శాఖ బండ్లకే చెల్లుతుంది కాబట్టి రంగు మార్చక తప్పదు. బాడీలో చేసే మార్పులకు ఆర్టీఓ అనుమతి తీసుకోండి.

లారీ ఇంజనుతో కరెంటు తీయడం దండగ. 200 ఆంపియర్ల దగ్గర ఆర్క్ (రాడ్డు కొన దగ్గర మండే మెరుపు) వోల్టేజి దాదాపు 28, అంటే రాడ్డు దగ్గర కావలసింది 5.6 కిలోవాట్లే. అంతకోసం వంద కిలోవాట్లు దాటిన ఇంజనును రోజంతా తిప్పితే డీజిల్ పోతుంది, తక్కువ లోడు మీద మసి పడుతుంది. విడిగా డీజిల్ జనరేటరు పెట్టుకోండి. 250 ఆంపియర్లు లాగితే ఇన్వర్టర్ వెల్డింగ్ మిషను 13 కేవీఏ దాకా తింటుంది. గ్రైండరు, కంప్రెసరు, రాడ్ల ఓవెను కూడా కలిపితే 20 కేవీఏ జనరేటరు సరైన సైజు. 15తో సరిపెడితే కంప్రెసరు స్టార్టయిన ప్రతిసారీ బీడు (వెల్డింగ్ గీత) మధ్యలో ఆర్క్ కుంగుతుంది.

ఇక స్టాండు. గతుకుల్లో మెలి తిరగడానికే ఈ లారీ ఛాసీని తయారుచేశారు. దాని మీద గట్టి ఫ్రేమును వెల్డ్ చేస్తే ఆ మెలికంతా వెల్డ్ అంచున ఒకే చోట పడి, అక్కడే పగులు మొదలవుతుంది. ఛాసీ ఛానల్ (C ఆకారపు దూలం) పై, కింది రెక్కలకు బెజ్జాలు కూడా వేయకూడదు. వేయక తప్పకపోతే నిలువు పక్క మధ్యభాగంలోనే. జనరేటరు, మిషను, ర్యాకు అన్నీ ఒకే సబ్‌ఫ్రేము (ఛాసీ మీద కూర్చునే విడి ఫ్రేము) మీద కట్టి, దాన్ని వెనక వైపు యూ బోల్టులతో బిగించండి. ముందు వైపు మాత్రం స్ప్రింగు బోల్టులు వాడితే ఛాసీ మెలి తిరిగినా సబ్‌ఫ్రేము దాంతో పాటు వంగదు. యూ బోల్టు పట్టే చోట ఛానల్ లోపల గట్టి చెక్క ముక్క దూర్చకపోతే రెక్కలు నొక్కుకుపోతాయి. ఇలా కడితే రేపు లారీ మారినా యూనిట్ మొత్తం దించుకోవచ్చు. బరువంతా కలిపినా రెండు టన్నులు దాటదు కాబట్టి లారీకి అదొక లెక్క కాదు, కానీ జనరేటరును వెనక ఇరుసుకు ముందు వైపే ఉంచండి.

కేబులు దగ్గర పొదుపు చేయకండి. రాను 30, పోను 30 మీటర్లకు 50 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబులులో 200 ఆంపియర్ల దగ్గర నాలుగు వోల్టుల పైచిలుకు పోతుంది. 35 వేస్తే ఆరు. వెనక తలుపు దగ్గర వైస్ పెట్టేట్టయితే ఎర్త్ క్లాంపు ఆ వైస్‌లోని పనికే తగలాలి. ఛాసీకి తగిలిస్తే కరెంటు బేరింగుల గుండా దారి వెతుక్కుని వాటిని గుంటలు పెడుతుంది.

లారీ కరెంటు 24 వోల్టులు. 12 వోల్టుల లైట్ల కోసం ఒక్క బ్యాటరీ నుంచే తీగ లాగకండి. అది సగం ఛార్జిలో ఉండిపోతుంది, రెండోది అతిగా ఛార్జయి ఉడుకుతుంది. 24 నుంచి 12కు మార్చే కన్వర్టరు పెట్టండి.

ఎసిటిలిన్ సిలిండరు నిలువుగానే, టోపీ బిగించి, గొలుసుతో కట్టి, జనరేటరు సైలెన్సరుకు దూరంగా ఉండాలి. ఎసిటిలిన్, ఆక్సిజన్ రెండింటికీ, మంట వెనక్కి పాకకుండా ఆపే ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్లు తప్పనిసరి.

ప్రశ్న: కాశిమేడులో పడవల పనికి 7018 రాడ్డు (చెమ్మ తగలకూడని పూత ఉన్న వెల్డింగ్ రాడ్డు) వాడుతున్నాం. బీడులో గుల్లలు పడుతున్నాయి. మిషను లోపమా?
– ఒక వెల్డరు, తండయార్‌పేట

జవాబు: గుల్లలు ఎక్కడున్నాయో చూడండి. బీడు మొదట్లోనే ఉంటే ఆర్క్ పొడవుగా కొడుతున్నారు. మొదలుపెట్టాల్సిన చోటికి 10–15 మిల్లీమీటర్లు ముందు ఆర్క్ కొట్టి, వెనక్కి వచ్చి, పొట్టి ఆర్క్‌తో దాని మీదుగానే సాగండి. బీడు పొడవునా ఉంటే చెమ్మ, పెయింటు, లేదా సముద్రపు గాలి. గాలికి టార్పాలిన్ అడ్డం కట్టండి. ఈ తేమకు, విప్పిన ప్యాకెట్టు పొద్దుటి నుంచి బయటుంటే రాడ్డు పాడైనట్టే. 350 డిగ్రీల్లో గంట నుంచి రెండు గంటలు కాల్చి, తర్వాత 120 డిగ్రీల చిన్న ఓవెనులోంచి నాలుగైదు చొప్పున తీయండి. సైటులో స్టవ్ మీద పెనం పెట్టి వేడిచేస్తే పూత పెచ్చులూడుతుంది, చెమ్మ పోదు. చెమ్మతో గుల్లలే కాదు, మర్నాడు కనిపించే పగుళ్లూ వస్తాయి.

ప్రశ్న: మూడు లారీ బ్యాటరీలు కలిపి వెల్డింగ్ చేయొచ్చంటారు, నిజమేనా?
– మాధవరం

జవాబు: నిజమే. మూడింటిని వరుసగా కలిపితే 36 వోల్టులు, 3.15 మిల్లీమీటర్ల రాడ్డు మండుతుంది. దారిలో బ్రాకెట్టు విరిగినప్పుడు అతుకేసుకోవడానికి సరే. బ్యాటరీలను లారీ నుంచి పూర్తిగా విప్పి, నిప్పురవ్వలు చేరని దూరంలో పెట్టండి, వాటి నుంచి వచ్చే హైడ్రోజన్ ఒక్క రవ్వకు పేలుతుంది. కరెంటును తగ్గించే వీలుండదు కాబట్టి రెండు మూడు రాడ్లకు మించితే ప్లేట్లు వేడెక్కి వంకర పోతాయి.