టెక్సస్‌లో తుపాకీ చూపించి బెదిరిస్తే, ఎవరికీ దెబ్బ తగలకపోయినా పెద్ద కేసవుతుందా?

అవుతుంది. అమెరికాలో దాడి కేసులు ఎక్కువగా రాష్ట్ర చట్టం కిందే నడుస్తాయి. టెక్సస్‌లో కొడతానని ఉత్తి మాటతో బెదిరిస్తే సాధారణంగా 500 డాలర్ల లోపు జరిమానాతో పోతుంది. కొట్టి గాయపరిస్తే ఏడాది వరకు కౌంటీ జైలు. అదే బెదిరింపులో ప్రమాదకర ఆయుధం బయటికి తీస్తే 'అగ్రవేటెడ్ అసాల్ట్' (తీవ్రమైన దాడి), రెండో డిగ్రీ ఫెలొనీ, అంటే పెద్ద నేరం: 2 నుంచి 20 ఏళ్ల జైలు, 10,000 డాలర్ల వరకు జరిమానా. తూటా పేలనక్కర్లేదు. ఆయుధమంటే తుపాకీ ఒక్కటే కాదు. ప్రాణం తీయగలిగేలా వాడితే కూరగాయల కత్తి, కారు కూడా అందులోకే వస్తాయి. ఆయుధం వాడినట్టు కోర్టు నమోదు చేస్తే, మామూలుగా సగం శిక్ష గడిచేదాకా పెరోల్ మాటే ఉండదు.

మనవాళ్లు పొరబడేది ఇంకోచోట. 2021 సెప్టెంబరు నుంచి టెక్సస్‌లో 21 ఏళ్లు నిండిన చాలామంది లైసెన్సు లేకుండానే హ్యాండ్‌గన్ వెంట ఉంచుకోవచ్చు. అది చూసి స్టూడెంట్ వీసా, హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు మాకూ చెల్లుతుందనుకుంటారు. చెల్లదు. వేట లైసెన్సులాంటి కొద్ది మినహాయింపులు తప్ప, వాళ్ల దగ్గర తుపాకీ ఉండటమే ఫెడరల్ నేరం.

కేసంటూ పడితే క్రిమినల్ లాయరుతో పాటు ఇమిగ్రేషన్ లాయర్నీ కలవండి. నేరం ఒప్పుకుని 'డిఫర్డ్ అడ్జుడికేషన్' (దోషి అని తీర్పివ్వకుండా కోర్టు కొంతకాలం షరతులతో పర్యవేక్షణలో ఉంచడం) తీసుకుంటే టెక్సస్ లెక్కలో శిక్ష పడనట్టే. ఇమిగ్రేషన్ చట్టం మాత్రం దాన్ని సాధారణంగా శిక్ష పడినట్టే చూస్తుంది. తుపాకీ నేరమైతే దేశం నుంచి పంపేయడానికి అదే చాలు.