కాగజ్‌నగర్ అడవుల్లో పులి ఆవాస పటానికి పచ్చదనం ఒక్కటే చాలునా?

పులికి అనువైన ఆవాసాన్ని గుర్తించడానికి ఉపగ్రహ చిత్రాల్లోని పచ్చదనం సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. నా మొదటి పటం తప్పింది సరిగ్గా అక్కడే.

ఏప్రిల్ నెల సెంటినెల్ ఉపగ్రహ చిత్రంతో లెక్కగట్టినప్పుడు జామాయిల్ తోటలు మేలైన ఆవాసంగా, అసలైన టేకు అడవి బీడులాగా తేలాయి. టేకు వేసవికి ఆకు రాలుస్తుంది, జామాయిల్ ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది. నేల మీద 10 మీటర్ల చదరానికి సమానమైన చిత్రపు చుక్కకు (పిక్సెల్) పచ్చదనమే తప్ప చెట్ల కింద ఏముందో తెలియదు. తర్వాత ఆ తోటల్లో నడిచి చూస్తే దుప్పి మేయదగిన గడ్డి దాదాపు కనిపించలేదు. దుప్పి, కణుజు, అడవిపంది లేని చోటును పులి దాటిపోతుందే గాని అక్కడ పిల్లలను పెంచదు. అందువల్ల నవంబరు, ఏప్రిల్ చిత్రాలను రెండింటినీ తీసుకుని, వాటికి మేత జంతువుల జాడలను, వేసవిలోనూ నీరు నిలిచే తావులను జోడించండి.

జాడలు దొరికిన చోట్లను బట్టి అనువైన ఆవాసాన్ని అంచనా వేసే మాక్సెంట్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నట్లయితే మరొక జాగ్రత్త అవసరం. పాదముద్రలు బండిబాటల దుమ్ములోనూ వాగుల ఇసుకలోనూ బాగా పడతాయి, మేము నడిచిందీ అక్కడే; దాంతో పులికి బాటలంటే ఇష్టమన్నట్టు ఫలితం వచ్చింది. జాడలున్న చోట్లతో పోల్చడానికి ఎంచుకునే పోలిక బిందువులను కూడా మేము నడిచిన దారుల చుట్టుపక్కల నుంచే తీసుకున్నాక ఆ వంకర చాలావరకు సరయింది.

అన్నింటికన్నా ముఖ్యంగా, నివాసాన్నీ రాకపోకల దారినీ ఒకే పటంలో కలపకండి. 2012లో టైగర్ రిజర్వ్‌గా ప్రకటించిన కవ్వాల్‌కు మహారాష్ట్రలోని తాడోబా పులుల అభయారణ్యం వైపు నుంచి పులులు రావలసిన దారి కాగజ్‌నగర్ మీదుగానే ఉంది. సొంత తావు వెతుక్కుంటూ వచ్చే వయసు మగపులి అడుగులు పొలాల్లోనూ దొరుకుతాయి, పిల్లల తల్లి జాడలు మాత్రం నీరూ వేటా చాటూ ఉన్న కొద్ది చోట్లకే పరిమితమవుతాయి. నడుమెత్తు పెరిగిన పత్తి చేను పులికి చాటే, అయితే పత్తి ఏరేవారు వంగి పనిచేసేదీ అందులోనే. 2020 నవంబరులో ఆసిఫాబాద్ జిల్లాలో పత్తి చేలో ఒక యువతి పులి దాడిలో మరణించింది. కాబట్టి పత్తి చేలను ఆవాసంగా కాక, పత్తి ఏరే నెలల్లో మనుషులకు ప్రమాదమున్న తావులుగా విడిగా చూపించడం మన బాధ్యత.

పటం ముగించే ముందు అటవీ శాఖ బీటు సిబ్బందికీ పశువుల కాపరులకూ చూపించండి. నేను నీటి వనరులుగా గుర్తించిన చెలమల్లో మూడు మార్చికే ఎండిపోతాయని ఒక కాపరి వేలుపెట్టి చూపించి, నా చేతనే కొట్టివేయించారు.